వంటింటి సొరంగం నుంచి ఇందు మిల్లు దాకా



మాది బొల్లారం. మా తాత ఇక్కడి దొరల బంగళాల్లో బట్లరు. 2023లో రాష్ట్రపతి నిలయాన్ని ఏడాది పొడవునా జనం చూడటానికి తెరిచాక నేనూ పోయాను. అందరూ తోట చూస్తుంటే నేను వంటింటి సొరంగం వెతుక్కున్నా. ఒకప్పుడది బ్రిటిష్ రెసిడెంటు బంగళా. వంటిల్లు వేరు, భోజనాల గది వేరు. గిన్నెలు నేల కిందనుంచి పోయేవి. వంట కావాలి, వండినోడు కనబడొద్దు. నాకు అర్థమైంది అదే.

ఇప్పుడు ఆ సొరంగం గోడల మీద చేర్యాల బొమ్మలున్నాయి. మాదిగల జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లకు పటాలు గీసిచ్చింది ఈ చేర్యాల నకాషీలే. కాబట్టి బొమ్మ మనకు పరాయిది కాదు. అయినా నా కళ్లు గిన్నె మోసిన మనిషి కోసమే వెతికాయి.

పనిచేసిన చోటును కళల చోటుగా మార్చడం ఇవాళ లోకమంతా నడుస్తోంది. జర్మనీలో ఎస్సెన్‌లోని జోల్‌ఫెరైన్ బొగ్గుగని 1986లో మూతపడితే దాన్ని మ్యూజియం, కళాకేంద్రం చేశారు. 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మన దగ్గర? 1934లో వరంగల్‌లో పెట్టిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. నేల ప్లాట్లయింది. బొంబాయిలో ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది, కమలా మిల్లులో ఆఫీసులు, పబ్బులు వచ్చాయి.

కూల్చితే బాధ, నిలబెడితే సంతోషం. అంతేనా? కాదు. నిలబెట్టిన గోడ ఏం చెబుతుందో చూడాలి.

బొంబాయి మిల్లుల్లో అంటరానివాళ్లకు నేత ఖాతాలో పని లేదు. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారం కొసను నోటితో పీల్చి కన్నంలోంచి లాగాలి. మన ఎంగిలి తగిలిన నాడెను సవర్ణ కార్మికుడు ముట్టడు. కూలి ఎక్కువ దొరికేది ఆ ఖాతాలోనే. మనకు మిగిలింది వడుకు ఖాతా. 1928 సమ్మెలో బాబాసాహెబ్ ఈ ప్రశ్నను కార్మిక నాయకుల ముందు పెట్టారు. యజమాని మీద పోరాడేవాళ్లు పక్కనోడి ఎంగిలి గురించి మాట్లాడక తప్పలేదు.

ఆ మిల్లు రేపు గ్యాలరీ అయితే పాత మగ్గానికి రంగేసి లైటు పెడతారు. ఆ నాడెను ఎవర్ని ముట్టనివ్వలేదో పక్కన రాస్తారా?

మన జనం జవాబు దాదర్‌లో ఇచ్చారు. చైత్యభూమి దగ్గర్లోని ఇందు మిల్లు అప్పటికే మూతపడి ఉండేది. 2011 డిసెంబరు 6న ఉద్యమకారులు లోపలికి పోయి అంబేడ్కర్ స్మారకానికి ఆ నేల కావాలని కూర్చున్నారు. దాదాపు 12 ఎకరాలు. 2015లో శంకుస్థాపన జరిగింది. మిల్లు నేల ఎవరిదో బిల్డరు కన్నా ముందు మనోళ్లు చెప్పారు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊళ్లో మూతపడ్డ మిల్లుంటే, రంగులేసేవాళ్ల కన్నా ముందు మీరు పోండి. రిటైరైన కార్మికుల దగ్గర కూర్చోండి. ఏ ఖాతాలో ఏ కులమోళ్లు పనిచేశారు, నీళ్ల కుండ ఎక్కడుండేది, పాకీపని ఎవరు చేశారు, అడిగి రాసుకోండి. మా తాతను నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు, సొరంగం ఉంది.

మిగతాది వచ్చే భాగంలో. జై భీమ్.