మారికుప్పం మట్టి

పెళ్ళిళ్ళ రోజులు వస్తే చాలు, మన ఇళ్ళల్లో మాటలన్నీ తిరిగి తిరిగి బంగారం దగ్గరే ఆగుతాయి. తులం ఎంతకు చేరింది, తరుగు ఎంత తీశాడు, మజూరీ ఎంత వేశాడు... ఈ లెక్కలు తెలియని ఇల్లాలు ఉండదు. మగవాళ్ళకి అర్థంకాని లెక్కలు ఇవొక్కటే కాబోలు! కానీ ఆ తులం బంగారానికి ఎంత మట్టి తవ్వాలో మనలో ఎవరైనా ఎప్పుడైనా అడిగామా? నిజం చెప్పొద్దూ, బంగారు గనుల ఊళ్ళో వేసవి సెలవులు గడిపిన నేనే అడగలేదు.

మాది చిత్తూరు జిల్లాలో కుప్పం వైపు. మా పెద్దమ్మ కాపురం కోలారు గనుల్లో. పెదనాయన గని ఆఫీసులో గుమాస్తా. కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో దిగి, అక్కడ చిన్న బండి మారాలి. తెల్లదొరల కాలంలో ఆ ఊరి పేరు బౌరింగ్ పేట. మైసూరు కమిషనర్ బౌరింగ్ పేరు పెట్టారు. మన నోళ్ళల్లో అది బంగారం అయింది! చిన్న బండి కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్ అన్న స్టేషన్లు దాటి మారికుప్పంలో ఆగిపోతుంది. ఆపైన పట్టాలు లేవు.

సముద్రానికి దూరంగా, రెండున్నర వేల అడుగులకు పైన ఉన్న మెట్ట సీమ అది. రాళ్ళ గుట్టలు, రాగి చేలు, వాన కురిస్తేనే నిండే చెరువులు. పాలారు అని ఒక నది ఉంది గానీ, దానిలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. ఆ పాలారు మీది బేతమంగళం చెరువే గనుల ఊరికి నీళ్ళిచ్చింది. ఇంత ఎండిన నేలకింద బంగారం ఎట్లా చేరిందంటే, 270 కోట్ల ఏళ్ళ కిందటి మాట చెప్పాలి. అప్పుడక్కడ ఉన్నది నీళ్ళే. నీటి అడుగున లావా పొంగి, చల్లారి, దిండ్లు పేర్చినట్టు గడ్డకట్టింది. ఆ రాతి దిండ్లు ఈనాటికీ అక్కడ కనిపిస్తాయి. తర్వాత ఎప్పుడో భూమి లోపలి వేడినీళ్ళు ఆ రాతి పగుళ్ళలోకి ఎక్కి, పలుగురాయితో పాటు బంగారాన్నీ అక్కడే వదిలి పోయాయి. ఈ రాతి పట్టీ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కిలోమీటర్లు సాగి, మా కుప్పం దగ్గర చిగురుగుంట, బిసానత్తం మీదుగా తమిళ దేశంలోకి పోతుంది. భూమికి రాష్ట్రాల సరిహద్దులు తెలియవు కదా!

సరిహద్దు అంటే గుర్తొచ్చింది. ఈ బంగారం సంగతి దొరలకు తెలిసింది సరిహద్దు కొలతల వల్లే. 1799లో టిప్పు సుల్తాన్ పోయాక మైసూరు రాజ్యం హద్దులు కొలవడానికి లెఫ్టినెంట్ జాన్ వారెన్ అనే ఆయన ఇటు వచ్చాడు. అది 1802. ఈ మట్టిలో బంగారం ఉందని జనం అనుకోగా విని, తీసి చూపించిన వాళ్ళకు బహుమానం ఇస్తానన్నాడు. పల్లెవాళ్ళు ఎద్దుబళ్ళ మీద మట్టి తెచ్చి, ఆయన కళ్ళెదుటే కడిగి, మిలమిలలాడే రవ్వలు చూపించారు. 56 కిలోల మట్టికి ఒక గ్రెయిన్ అని లెక్క తేలింది. గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు. నేను కాగితం మీద గుణించి చూశాను. పది గ్రాముల తులానికి ఎనిమిదిన్నర టన్నుల మట్టి! పెన్ను కింద పెట్టి నా చేతి గాజుల వంక చూసుకున్నాను.

వారెన్ రాసిపెట్టిన వాటిలో నన్ను కదిలించింది ఆ లెక్క కాదు, మారికుప్పం వాళ్ళు పని చేసే తీరు. మగవాళ్ళు గుంతల్లోకి దిగి రాయి పగలగొడతారు. లోపల అక్కడక్కడ నిలబడ్డవాళ్ళు గంపలు చేతులు మార్చుకుంటూ పైకి అందిస్తారు. పైన ఆడవాళ్ళు ఆ రాళ్ళను పెద్ద బండమీద వేసి పొడి అయ్యేదాకా దంచుతారు. ఆ పొడిని బావి దగ్గరికి మోసుకెళ్ళి కడుగుతారు. పసుపు కొమ్ములు దంచితేనే భుజాలు లాగేస్తాయి మనకి. పలుగురాయి దంచడం ఎట్లా ఉంటుందో ఊహించండి! వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. వారెన్ పేరుంది, ఆ తర్వాత వచ్చిన లవెల్ పేరు బెంగుళూరులో ఒక రోడ్డుకే ఉంది.

ఈ లవెల్ ఐర్లండు దేశపు సిపాయి. న్యూజిలాండులో యుద్ధం చేసి, బెంగుళూరులో స్థిరపడి, పాత పత్రికల్లో వారెన్ రాసింది చదివాడు. 1871లో ఎద్దుబండి కట్టించుకుని కోలారు వచ్చాడు. పాత గుంతలన్నీ చూసి, మైసూరు ప్రభుత్వాన్ని అడిగి, 1875లో తవ్వుకునే హక్కు సంపాదించాడు. పాపం, ఆయన డబ్బు చాల్లేదు. హక్కు చేతులు మారింది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ దిగింది. మొదట్లో వాళ్ళకీ ఏమీ దొరక్క, మూటాముల్లె సర్దుకునే సమయంలో అసలు పట్టీ తగిలింది. దానికే ఛాంపియన్ అని పేరు పెట్టారు.

ఇక చూసుకోండి. దొరలకు బంగళాలు, క్లబ్బు. ఆ ఊరికి చిన్న ఇంగ్లండు అని పేరు. కూలీలకు తడికెల గుడిసెలు. ఉత్తరార్కాటు, సేలం వైపు నుంచి తమిళులు, మా చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు కరువులో పొట్ట చేతపట్టుకుని వచ్చారు. 1902లో కావేరి మీది శివసముద్రం దగ్గర కరెంటు పుట్టించి, 90 మైళ్ళు తీగలు లాగి గనులకు తెచ్చారు. "బెంగుళూరులో వీధి దీపాలు 1905లో గదమ్మాయ్, మాకు మూడేళ్ళు ముందే" అనేది మా పెద్దమ్మ, తానే స్విచ్చి వేసినట్టు. తీసిన బంగారం మాత్రం కడ్డీలై, ఓడలెక్కి లండన్ చేరింది.

గనులు దిగి దిగి మూడు కిలోమీటర్ల పైన లోతుకు వెళ్ళాయి. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. చల్లని గాలి కిందికి పంపడానికి యంత్రాలు పెట్టాల్సొచ్చింది. 1965లో మన శాస్త్రజ్ఞులు, బయటి దేశాల వాళ్ళు కలిసి ఆ లోతులో న్యూట్రినోలు అనే కంటికి కనిపించని కణాలను పట్టారట. ఆ విషయం నాకు అర్థమైనంత వరకు ఇంతే!

నాకు బాగా అర్థమైంది ఇంకొకటి. అప్పుడు నాకు పదేళ్ళు. రాత్రి నిద్రలో ఉండగా మంచం కదిలింది. అటక మీది ఇత్తడి బిందెలు గలగలమన్నాయి. భూకంపం అని కెవ్వున అరిచాను. "ఏం లేదులేమ్మా, కింద బండ పగిలింది" అంది పెద్దమ్మ. లోతున రాయి మీద బరువు ఎక్కువైతే అది ఒక్కసారిగా పేలుతుందట. ఏం లేదు అన్న మనిషి లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని వాకిట్లోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. వీధి వీధంతా ఆడవాళ్ళు గడపల్లో నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. మా పెదనాయన ఇంట్లోనే ఉన్నాడు. అయినా పెద్దమ్మ లోపలికి రాలేదు. ఎదురింటాయనది రాత్రి షిఫ్టు. తెల్లవారి ఆయన సైకిలు మలుపు తిరిగేదాకా ఎదురింటామె పక్కనే నిలబడి, ఆయన్ని చూశాక వచ్చి పొయ్యి వెలిగించింది. కాఫీ తాగుతూ కూడా ఆ సంగతి ఎత్తలేదు.

బండ పగిలితే చప్పుడవుతుంది. రాతి ధూళికి చప్పుడుండదు. పలుగురాయి తొలిచినప్పుడు లేచే ఆ ధూళి ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బు సిలికోసిస్. దానికి మందు లేదు. గనులున్న ప్రతిచోటా చిన్న వయసులోనే విధవలు ఉండటానికి కారణం వెతకక్కరలేదు. విచిత్రం ఏమంటే, 1802లో రాయి దంచిన ఆడవాళ్ళని 1952 గనుల చట్టం భూమిలోపలికి దిగనివ్వలేదు. 2019లో ఆ నియమం సడలించేనాటికి కోలారు గనులే లేవు.

1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్ర ప్రభుత్వం తీసుకున్న గనులు, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. చివరికి టన్ను రాయికి మూడు గ్రాములైనా గగనమైపోయింది. తీసిన ఖర్చుకు అమ్మిన ధర చాల్లేదు. 120 ఏళ్ళలో వచ్చింది దాదాపు 800 టన్నులు. మా వైపు చిగురుగుంట గని కూడా అదే ఏడు ఆగింది.

పోయినేడు పెద్దమ్మ కూతురి గృహప్రవేశానికి మళ్ళీ వెళ్ళాను. ఊరి పక్కన బూడిదరంగు గుట్టలు. బంగారం తీసేశాక మిగిలిన సైనైడు మట్టి అది. గాలి లేస్తే తెల్లటి ధూళి. అక్కయ్య కిటికీలు మూసేసి బట్టలు ఇంట్లోనే ఆరేసుకుంటుంది. గనిలో ఇప్పుడు నీళ్ళు నిండిపోయాయి. 2018లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఊరి పేరు దేశమంతా తెలిసింది గానీ, ఆ కథకూ ఈ వీధులకూ సంబంధం లేదు.

తెల్లారుజామున తిరుగు ప్రయాణం. మారికుప్పం స్టేషన్లో కాలు పెట్టే చోటు లేదు. అందరూ బెంగుళూరులో పనులకు పోయేవాళ్ళు, మళ్ళీ రాత్రికి గానీ ఇల్లు చేరరు. అందులో సగం ఆడవాళ్ళే. నాకు చోటిచ్చిన అమ్మాయి ఒళ్ళో రెండు కేరేజీలు పెట్టుకుంది. ఒకటి తనకి, ఒకటి అదే బండిలో వెనక పెట్టెలో ఉన్న వాళ్ళ నాన్నకి. గని మూసినప్పుడు ఆయనకి ముప్పయ్యేళ్ళట, ఇప్పుడు ఏదో మేడకి వాచ్ మన్. అమ్మాయి మెడలో పసుపుతాడు కొత్తగా ఉంది. దానికి వేలాడుతున్న రెండు బిళ్ళలూ మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళతో తడుముకుంటూనే ఉంది.