పటం కట్టడం, కట్టిన తప్పు దిద్దడం

ఇళ్ల గోడల మీదికి దేవుడి పటాలు విరివిగా చేరింది రాతి అచ్చు వచ్చాకే. చిత్రకారుడు రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం రంగుల బొమ్మలను సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. వాటికి గాజు, చట్రం బిగించే పటాల కొట్లు క్రమంగా చిన్న ఊళ్లకూ పాకాయి. మిర్యాలగూడ, కోదాడల నడుమనున్న నేరేడుచర్ల వంటి చోట్ల దేవుళ్లతోపాటు పెళ్లి ఫొటోలనూ, పోయిన పెద్దల ఫొటోలనూ పటం కట్టించడం ఆనవాయితీ.

పాత పద్ధతిలో తప్పు చాలావరకు వెనకవైపే. బొమ్మను మైదా జిగురుతో అట్టకు నిండా అంటించేవారు. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపినా, చెమ్మకు కాగితం ఉబ్బి ముడతలు పడేది. నాసిరకం అట్టలోని ఆమ్లం దాన్ని పసుపుబార్చేది. అన్నిటికన్నా మొండి సమస్య, ఫొటో గాజుకు అంటుకుపోవడం. తేమకు ఫొటో మీది జెలటిన్ పొర మెత్తబడి, ఆరాక గాజును పట్టేస్తుంది. లాగితే పొర ఊడి గాజుకే మిగులుతుంది, చాలాసార్లు ముఖంతో సహా. అలాంటిదాన్ని కదిలించకుండా గాజుతోనే స్కాన్ చేసి, కొత్త ప్రింటు తీయడం మేలు. మళ్లీ కట్టేటప్పుడు చుట్టూ మౌంటు (అంచు అట్ట) పెట్టి గాజుకూ ఫొటోకూ మధ్య ఖాళీ వదలాలి. ఫొటోను పైఅంచున మాత్రమే అంటిస్తే కాగితం సాగినా, ముడుచుకున్నా చోటుంటుంది.