పేకముక్కల్లోంచి అదృష్టాన్ని తీసేస్తే...

పేకాటలో గెలిచినవాడు నా తెలివి అంటాడు, ఓడినవాడు ముక్కలు పడలేదంటాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చేదెలా? మన వృత్తి భాషలో చెప్పాలంటే, రెండు ప్రోగ్రాముల్లో ఏది మెరుగో తెలియాలంటే రెంటికీ ఒకే ఇన్‌పుట్ ఇచ్చి చూడాలి. కంప్యూటర్లు పుట్టకముందే ఈ పని పేకముక్కలతో చేశారు.

1857లో లండన్‌లో హెన్రీ జోన్స్ అనే ఆయన (కావెండిష్ అనే కలంపేరుతో ప్రసిద్ధుడు) విస్ట్ ఆట మీద ఒక ప్రయోగం చేశాడు. విస్ట్ అంటే బ్రిడ్జికి తాతలాంటి ఆట, నలుగురు ఇద్దరిద్దరుగా ఆడతారు. ఒకచోట ఆడిన ముక్కల్నే రెండోచోట మళ్ళీ ఆడించి, ఆరితేరినవాళ్ళనీ అంతగా రానివాళ్ళనీ పోల్చి చూశారు. ముక్కలు అవే అయినా ఆరితేరినవాళ్ళే పైచేయి సాధించారు.

బ్రిడ్జిలో జట్టు పోటీలన్నీ ఈ పునాది మీదే నిలబడ్డాయి. మన జట్టులో ఇద్దరు ఒక బల్ల దగ్గర ఉత్తర దక్షిణాల్లో కూర్చుంటే, మిగతా ఇద్దరు ఇంకో గదిలో తూర్పు పడమరల్లో కూర్చుంటారు. ఇక్కడ మనకొచ్చిన చెత్త ముక్కలే అక్కడ అవతలి జట్టుకీ వస్తాయి. ఇంక ముక్కల్ని తిట్టుకునే వీల్లేదు! 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జి పురుషుల జంటల్లో మనవాళ్ళు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బంగారు పతకం తెచ్చారంటే, దాన్ని క్రీడగా నిలబెట్టింది ఈ పద్ధతే.

మరి పోకర్ సంగతి? 2009లో లొసాన్‌లో అంతర్జాతీయ పోకర్ సమాఖ్య ఏర్పడింది, రచయిత ఆంథొనీ హోల్డెన్ మొదటి అధ్యక్షుడు. 2011 నవంబర్‌లో లండన్‌లో దేశాల జట్లతో నేషన్స్ కప్ జరిపారు, జర్మనీ గెలిచింది. పద్ధతి ఇదీ: ప్రతి జట్టు నుంచి ఒక్కో బల్లకి ఒక్కరు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో సీటులో. అన్ని బల్లల దగ్గరా మూడో సీటుకి అవే రెండు ముక్కలు, మధ్యలో పరిచేవీ అవే. మూడో సీటుకి రెండు ఆసులు వచ్చాయనుకోండి. మీరు 400 చిప్స్ గెలిచారు, పక్క బల్లల దగ్గర అదే సీటులో ఉన్నవాళ్ళు 900 గెలిచారు. గెలిచినా మీరు వెనకబడ్డట్టే! చెత్త ముక్కలతో అందరికన్నా తక్కువ పోగొట్టుకుంటే ముందున్నట్టు. ఎదుటివాళ్ళ స్వభావం బల్లకొకలా ఉంటుంది కాబట్టి అదృష్టం సున్నా అయిపోదు. కానీ పంపకంలోని అదృష్టం మాత్రం పోతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. 1967లో సుప్రీంకోర్టు, సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని తీర్పిచ్చింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఏళ్ళ తరబడి వల్లించిన మంత్రం ఇదే. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: ఆట నడిపేవాళ్ళు దానిమీద లాభం చేసుకుంటే అది నేరమయ్యే అవకాశం ఉందని. ఈ సగం ఎవరూ ప్రకటనల్లో వేసుకోలేదు. తర్వాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా పార్లమెంటు నిషేధ చట్టం చేసింది.

నా ఉద్దేశంలో "ఇది నైపుణ్యం ఆట" అన్నది భరోసా ఇచ్చే మాట కాదు, భయపెట్టాల్సిన మాట. బొమ్మా బొరుసా అయితే చేతకానివాడు కూడా సగంసార్లు గెలుస్తాడు. నైపుణ్యం ఆటలో, ఆటలు పెరిగేకొద్దీ, చేతకానివాడు ఓడటం ఖాయం. పైగా ప్రతి ఆటలోనూ కంపెనీ తన వాటా తీసుకుంటుంది. కావెండిష్ ప్రయోగం నిరూపించింది కూడా ఇదే కదా! జీతం పడిన రాత్రే ఫోన్‌లో ఆ జీతం పోగొట్టుకున్న కుర్రాడు దురదృష్టవంతుడు కాదు. అవతల కూర్చున్నవాళ్ళు అతనికంటే బాగా ఆడారు, అంతే.

జట్టు పోటీలో మాత్రం ఓడినవాడికి ఓటమే మిగులుతుంది, అప్పు మిగలదు. నైపుణ్యాన్ని కొలవాలన్న సరదా నిజంగా ఉంటే కొలిచే పద్ధతి నూట అరవై ఏళ్ళుగా మన దగ్గరుంది. దానికి బ్యాంకు ఖాతాతో పనేముంది? మీరేమంటారు?