మరులు (అహోబిల సంప్రదాయం)

ఒకరిని చూసింది మొదలు మనసు వశం తప్పి, ఆ మనిషి చుట్టూనే తిరిగే స్థితి మరులు. ఇంగ్లీషులో దీన్ని ఇన్‌ఫాచుయేషన్ అంటారు. దానికి మూలమైన లాటిన్ పదానికి తెలివిమాలినవాడని అర్థం. నేటి కుర్రకారు నోట నలిగే ‘క్రష్’ ఈ అర్థంలో 19వ శతాబ్దం చివర అమెరికాలో వాడుకలోకి వచ్చింది. తెలుగులో మోహం, వలపు, మరులు దగ్గరి చుట్టాలు. మరులుతీగ తొక్కితే తెలిసిన దారి కూడా మరచిపోతారని పల్లెల్లో నమ్మకం.

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలంలో మరులుకొన్నది సాక్షాత్తు దేవుడే. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక కూడా కోపం చల్లారక నరసింహస్వామి నల్లమలలో తిరుగుతున్నాడు. చెంచుగూడెం పిల్ల చెంచులక్ష్మి కంటబడింది. అంతటి ఉగ్రమూ ఆమె ముందు దిగిపోయిందని స్థల కథ. పిల్లనిమ్మని అడిగితే చెంచులు ఊరికే ఇవ్వలేదు. చెట్లెక్కి తేనె తీయాలి, గడ్డలు తవ్వాలి, వేటాడాలి. అన్నీ నెగ్గాకే పెళ్లి. ఆదిలక్ష్మి అలుక, సవతుల కయ్యం లేకుండా ఈ కథ ఎవరూ చెప్పరు. ఇక్కడి నవ నరసింహ క్షేత్రాలలో పావన నరసింహుని సన్నిధి చెంచులక్ష్మిది.

తొలి రచనల్లో ఈ ప్రేమకథకు చోటు దొరకలేదు. తిరుమంగై ఆళ్వార్ తన పది పాశురాలలో ఈ కొండను విల్లు పట్టిన వేటగాళ్ల సందడితో వర్ణించాడు కానీ వారి ఆడపడుచును పాడలేదు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన రాసిన నృసింహపురాణానికి హిరణ్యకశిపుని కథే ఆయువుపట్టు.

కథకు మంచి రోజులు విజయనగర కాలంలో వచ్చాయి. 1398లో ఆదివన్ శఠకోప యతి అహోబిల మఠాన్ని స్థాపించాడు. ఆయన వద్ద వేదాంతం చదివాడని చెప్పే తాళ్లపాక అన్నమయ్య (1408–1503) అహోబల నరసింహుని మీద శృంగార కీర్తనలు రాశాడు. కళింగ దండయాత్ర నడుమ 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి హారం, బంగారు పళ్లెం, వెయ్యి వరహాలు సమర్పించినట్టు శాసనం ఉంది. మఠం ఏడవ పీఠాధిపతి సంస్కృత ప్రాకృతాల్లో రాసిన ‘వాసంతికా పరిణయం’ ఐదంకాల నాటకం. అందులో నాయకుడు నరసింహుడు, నాయిక వనకన్య వాసంతిక. సన్న్యాసం పుచ్చుకున్న యతి, తన ఆరాధ్యదైవం ఒక అడవిపిల్ల కోసం తపించిపోవడాన్ని ఇంత మనసుపెట్టి రాయడం మెచ్చదగిన సంగతి. మోహాన్ని ఆయన దేవుడికి మచ్చగా చూడలేదు.

ఆ తర్వాత రెండు మూడు శతాబ్దాలు కథను మోసినవి యక్షగానాలు, వీధి భాగోతాలు, చెంచు నాటకాలు. ఓబయమంత్రి ‘గరుడాచల యక్షగానం’ వాటిలో పేరెన్నికగన్నది.

తెరమీద 1943లో ఎస్. సౌందరరాజన్ ‘చెంచులక్ష్మి’లో కమలా కోట్నీస్ నాయిక. 1958లో బి.ఎ. సుబ్బారావు అదే పేరుతో తీసిన చిత్రం ఇంటింటికీ చేరింది. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి జంట. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. నాయిక నాయకుణ్ణి అడవి పనులతో పరీక్షించే పాటను ఘంటసాల, జిక్కి పాడారు. పరీక్షల ఘట్టాన్ని నేటికీ చాలామంది గుర్తుపెట్టుకున్నది ఆ పాట వల్లే.

అహోబిలంలో మాత్రం ఈ వలపు చుట్టరికంగా నిలిచింది. చెంచులు స్వామిని తమ ఇంటి అల్లుడంటారు. ఏటా కనుమ నాడు మొదలయ్యే పార్వేట ఉత్సవంలో జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరదుల ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో బయలుదేరతాయి. చెంచులు విల్లంబులతో ఎదురొస్తారు. నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన పల్లెల్లో బోయీలు పల్లకిని మోస్తారు. తన పెళ్లికి రమ్మని పిలవడానికి స్వామే స్వయంగా ఇల్లిల్లూ తిరుగుతున్నాడని జనం నమ్మిక. పల్లకి దిగిన ఊరికి ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, కొత్తబట్టలు కడతారు. ఊళ్లన్నీ తిరిగాక స్వామి అహోబిలం చేరితే ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు, కల్యాణం జరుగుతాయి.