లిస్టర్ గారి స్ప్రే, మా అత్తయ్య ఆయాసం

2021లో మా వారికి కోవిడ్ తగ్గాక ఆ గది తలుపులు బిగించి స్ప్రే డబ్బా సగం ఖాళీ చేశాను. పరుపు మీద కొంచెం, గాలిలోకి ఎక్కువ. కాసేపటికి అందులోకి వెళ్ళిన మా అత్తయ్యకి ఆయాసం వచ్చి, రాత్రి నెబులైజర్ పెట్టాల్సి వచ్చింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత చదివితే తెలిసింది, ఈ పొరపాటు నాకంటే చాలా పెద్దవాళ్ళు చేశారని.

1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ దగ్గరికి, బండి చక్రం కింద కాలు విరిగిన 11 ఏళ్ళ పిల్లాడిని తెచ్చారు. ఎముక తోలు చీల్చుకుని బయటికొస్తే కాలు తీసేయడమే ఆనాటి వైద్యం. లిస్టర్ ఆ గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. కార్లైల్ ఊళ్ళో మురుగు కంపు పోవడానికి వాడే మందు అది. మన పాత ఫినాయిల్‌కి దగ్గర చుట్టం. పిల్లాడి కాలు దక్కింది.

అక్కడితో ఆగితే బాగుండేది. క్రిములు గాలిలోంచి రాలతాయనుకుని, 1870ల్లో ఆపరేషన్ గదుల్లో అదే మందుని తుంపరలుగా కొట్టించాడు. 1871లో విక్టోరియా రాణి చంకలో గడ్డ కోసినప్పుడూ ఇదే పద్ధతి. డాక్టర్ల చేతులు పాలిపోయి, తిమ్మిరెక్కేవి. చివరికి 1890లో బెర్లిన్ వైద్యుల సభలో, గాలిలోకి కొట్టమన్నందుకు సిగ్గుపడుతున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. అంతమందిలో ఆయన ఒప్పుకున్నాడు. నాకు ఇంట్లో ఒక్క మనిషికి చెప్పడానికి వారం పట్టింది!

ఇంత జరిగాక కూడా 2020లో బరేలీలో వలస కూలీలని రోడ్డు మీద కూర్చోబెట్టి మందు కొట్టారు, గుర్తుందా? ఆ ఏడాది మేలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మనుషుల మీద కొట్టొద్దని, ఇళ్ళలో కూడా స్ప్రే కన్నా మందులో తడిపిన గుడ్డతో తుడవడం మేలని చెప్పింది. లిస్టర్ గారి మొదటి గుడ్డ దగ్గరికే మళ్ళీ వచ్చామన్నమాట.

ఇప్పుడు నేను ముందు సబ్బునీళ్ళతో మురికి కడుగుతాను. మురికి మీద మందు సరిగా పనిచేయదు. తర్వాత గుడ్డ మీద మందు కొట్టి గడియలు, స్విచ్‌లు తుడుస్తాను, స్విచ్‌లైతే కరెంటు ఆపాకే. డబ్బా మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉంచమంటే అన్ని నిమిషాలు ఉండనిస్తాను. ఇదివరకు కొట్టిన వెంటనే తుడిచేసేదాన్ని, అంటే డబ్బులు దండగ. ఆల్కహాల్ ఉన్న స్ప్రే పొయ్యి దగ్గరికి తేను. బ్లీచింగ్‌ని బాత్‌రూమ్ యాసిడ్‌తో అస్సలు కలపను, క్లోరిన్ వాయువు పుడుతుంది.

పని మొదలెట్టే ముందు కిటికీలు తీసి, అత్తయ్య కుర్చీ వరండాలో వేస్తాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంటుంది.