పూడిక – పూడ్చివేత: నదీ మేటలతో గని గుంతల పునరుద్ధరణ (చారిత్రక పరిశీలన)

వ్యాస సంగ్రహం:
తవ్వి వదిలేసిన గనులను, క్వారీలను నదుల్లో పేరుకున్న మేటలతో పూడ్చడం నేటి పర్యావరణ చర్చల్లో కొత్త ఆలోచనగా కనిపిస్తుంది. తెలుగు నేలపై దీనికి పూర్వరంగం ఉంది. చెరువు పూడికతీత, సింగరేణి గనుల ఇసుక నింపుడు అనే రెండు అనుభవాల ఆధారంగా 'మిగులు మట్టి' అనే భావనను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: పూడిక, మేట, ఒండ్రు, క్వారీ, సింగరేణి, గోదావరి.

1. ఉపోద్ఘాతం:
'పూడు' అకర్మక క్రియ, 'పూడ్చు' సకర్మకం, 'పూడిక' నామం. చెరువు పూడితే నష్టం, గుంత పూడితే మేలు. 'మేట' అనే మాటదీ ఇదే తీరు. వరద ఇసుక మేట వేస్తే పొలం పాడవుతుంది. ఒండ్రు మేట వేస్తే అదే పొలం సారవంతమవుతుంది. కాబట్టి మట్టి ఎక్కువైందా, తక్కువైందా అన్నది దాని పరిమాణంతోనే తేలదు. అది ఎక్కడ చేరింది, ఎవరికి అక్కరకు వస్తుంది అన్నవాటిని బట్టి తేలుతుంది.

2. పూడిక తీసిన చేతులు:
చెరువును తవ్వించినవారికి, దాని మరమ్మతు బాధ్యత వహించినవారికి ఇచ్చిన దశబంధ మాన్యాలను శాసనాలు పేర్కొంటున్నాయి. వేసవిలో చెరువు అడుగు మట్టిని బండ్లతో పొలాలకు తోలుకోవడం రైతులకు పరిపాటి. 2015 మార్చి 12న తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ ఈ అలవాటును ప్రభుత్వ కార్యక్రమంగా మార్చింది.

మట్టిపని, రాతిపని రెండూ ఒడ్డెరల సంప్రదాయ వృత్తులు. చెరువు తవ్విన చేతులే బండను కొట్టాయి. అయితే చెరువుకు దశబంధం వంటి పోషణ వ్యవస్థ ఏర్పడింది గాని, రాయి తీసిన గుంతకు అటువంటిదేదీ ఏర్పడలేదు. చెరువు ఊరి ఉమ్మడి ఆస్తి కాగా, పని ముగిసిన క్వారీ ఎవరికీ పట్టని గొయ్యి అయింది. వాననీరు నిండిన అటువంటి గుంతలు మనుషులకూ పశువులకూ ప్రాణాంతకాలు.

3. బొగ్గుబాయిలోకి నది ఇసుక:
తవ్విన ఖాళీని పూడ్చవలసిన అవసరం భూగర్భ బొగ్గు గనుల్లో ముందుగా తలెత్తింది. ఆధారంగా నిలిపిన బొగ్గు స్తంభాలను కూడా తీసేశాక పైకప్పు కూలవచ్చు, నేల కుంగవచ్చు, మిగిలిన బొగ్గు తనంతట తాను అంటుకోవచ్చు. ఝరియా క్షేత్రంలో 1916 నుంచి మంటలు నమోదయ్యాయి. 1939లో వచ్చిన బొగ్గు గనుల భద్రత (స్టోయింగ్) చట్టం బొగ్గుపై సుంకం విధించి, ఆ నిధిని ఖాళీలు పూడ్చే పనికి కేటాయించింది. తవ్వకపు రాబడి నుంచే పూడ్చివేత ఖర్చు రాబట్టడం దీని మూలసూత్రం.

ఇల్లందు ప్రాంతంలో విలియం కింగ్ 1871లో బొగ్గును గుర్తించగా, 1889లో తవ్వకం మొదలైంది. తర్వాతి కాలంలో సింగరేణి గనులకు గోదావరి ఇసుక పూడ్పు సామగ్రి అయింది. ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా బాయిలోకి దించుతారు. ఖాళీకి అడ్డుగా కట్టిన తడికెల వద్ద ఇసుక నిలిచిపోతుంది, నీరు వడిసి బయటికి వస్తుంది. ఆ నీటిని పంపులతో మళ్లీ పైకి తోడతారు. నీటిని పట్టి ఉంచే బంకమట్టి ఈ పనికి తగదు.

నిర్మాణ రంగపు గిరాకీ పెరిగాక అదే ఇసుక అరుదైన వస్తువైంది. నదీగర్భంలోని ఇసుక నీటిని నిలిపి ఒడ్డు బావులకు ఊటనిస్తుంది. దానిని మిగులుగా లెక్కించిన కాలంలో ఈ ఉపకారం లెక్కలోకి రాలేదు. విద్యుత్ కేంద్రాల బూడిద, ఓపెన్ కాస్ట్ గనుల పైమట్టి నుంచి తయారు చేసిన ఇసుక ప్రత్యామ్నాయాలుగా ముందుకు రావడానికి ఈ కొరత ఒక ముఖ్య కారణం.

4. మేట మిగిలేది ఎక్కడ?
నది దిగువన ఇసుక కొరత ఉండగా, ఎగువ జలాశయాల్లో మేట పెరుగుతోంది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ తొలి నిల్వ సామర్థ్యం 112 టి.ఎం.సి.లు. తర్వాతి సర్వేల్లో అది గణనీయంగా తగ్గినట్లు తేలింది. నిజమైన మిగులు ఉన్నది ఇటువంటి చోటనే. అయితే జలాశయాల మేటలో సన్నని ఒండ్రు పాలు ఎక్కువ. అది బాయి నింపడానికి పనికిరాకపోయినా, బండ తేలిన నేలపై సాగుపొరగా ఉపకరిస్తుంది. అమెరికాలో ఇలినాయ్ నదిపై ఉన్న పియోరియా సరస్సు బురదను 2004లో పడవలపై షికాగోకు చేర్చి, మూతపడిన ఉక్కు కర్మాగారపు చిట్టెపు నేలపై పరచి పచ్చిక పెంచారు.

ఈ ప్రయోగాన్ని ఇక్కడ యథాతథంగా అనుసరించడం కుదరదు. అక్కడ జలమార్గం ఉంది. ఇక్కడ లారీ రవాణా ఖర్చే నిర్ణాయకమవుతుంది. పైగా క్వారీ గుంత భూగర్భజలాన్ని తాకి ఉంటే, మేటలోని భారలోహాలు, పురుగుమందుల అవశేషాలు బావుల్లోకి చేరే ప్రమాదం ఉంది. అందువల్ల పూడ్చడానికి ముందు మట్టి పరీక్ష తప్పనిసరి.

5. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఒక కాలపు మిగులు మరొక కాలానికి కొరత కావచ్చు. రెండు, ఇసుక, ఒండ్రు ఒకదానికొకటి బదులు కావు. మూడు, దశబంధమైనా 1939 నాటి సుంకమైనా బాధ్యతకు ఆదాయాన్ని ముడిపెట్టడం వల్లనే నిలబడ్డాయి. క్వారీ గుంతకు ఇంకా అటువంటి పటిష్ఠమైన ఏర్పాటు లేదు. నదిలోని మట్టిని మిగులుగా ప్రకటించే ముందు ఆ నది ఒడ్డున బావి ఉన్న రైతును, గుంత పక్కన నివసించే కుటుంబాన్ని అడగడం నుంచే పునరుద్ధరణ మొదలు కావాలి.