రైతు అప్పు, రేషను బియ్యం - రాజాజీ రెండు దారులు

దేశం ఆర్థికంగా క్రుంగినపుడు ప్రభుత్వం కలుగజేసుకోవాలా, ఊరకుండాలా అన్న వాదం పాతదే. పక్షాలు చెప్పే మాటలను ప్రక్కన పెట్టి, నాయకులు చేసిన పనులను చూస్తే విషయం మరొక విధంగా కనబడుతుంది. ఇందుకు రాజాజీ మంచి ఉదాహరణ.

1929 తరువాతి మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. పత్రంలోని అప్పు మాత్రం తగ్గలేదు. పుట్టి ధాన్యంతో తీరవలసిన బాకీ పుట్టితో తీరలేదు. మద్రాసు రాజధానిలో రాజాజీ కాంగ్రెసు ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం చేసింది. 1932 అక్టోబరుకు ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు చెల్లించినవారి బాకీ తీరినట్లే. వడ్డీ అసలును మించరాదన్న స్మృతికారుల నియమం మనకు క్రొత్త కాదు. అయినను, ఇద్దరు ఇష్టపడి వ్రాసుకొన్న పత్రంలో సర్కారుకేమి పని అన్న ఋణదాతల ప్రశ్నను త్రోసిపుచ్చలేము. వారు వెనుకాడితే మరుసటి పంటకు మదుపు ఎవరిస్తారు?

అదే రాజాజీ 1952లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్ర జిల్లాలు అప్పటికింకా మద్రాసులోనే ఉన్నవి. యుద్ధకాలం నుండి సాగుతున్న ధాన్యం కంట్రోళ్ళను ఆయన ఆ జూన్‌లోనే ఎత్తివేశారు. 1959 జనవరిలో కాంగ్రెసు నాగపూరులో ఉమ్మడి సహకార వ్యవసాయ తీర్మానం చేయగా, రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారితో కలసి స్వతంత్ర పార్టీని స్థాపించారు. నెహ్రూ విధానాన్ని 'పర్మిట్-లైసెన్సు-కోటా రాజ్యం' అని నిందించారు. 1967లో ఆ పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమయింది.

దీనిని చంచలత్వమనడం నాకు సమ్మతం కాదు. 1938లో రైతు మెడపై చేయి వేసినవాడు షావుకారు; తరువాతి కాలంలో పర్మిట్లిచ్చే అధికారి. రాజాజీ ఇద్దరినీ అడ్డుకొన్నారు.

కాని ఒక చిక్కు మిగిలింది. కంట్రోలు పోతే అమ్మే ధాన్యం గల రైతుకు లాభం. కొనుక్కొని తినే కూలివానికి రేషనే ఆధారం. రైతు పక్షాన నిలిచిన న్యాయం కూలివాని పక్షాన నిలిచిందా? జోక్యం మంచిదా చెడ్డదా అని పక్షాలు వాదులాడుకొనే ముందు, అది ఎవరికొరకు అని అడగవలసి ఉంటుంది.

కంట్రోలు రోజుల ముచ్చట్లు పెద్దల నోట విన్న మిత్రులుంటే ఇక్కడ వ్రాయగలరు.